రేగుకొమ్మకో సీటు

మే 18, ఆదివారం

ఈ నోటుబుక్కు మేధది. పసుపు అట్ట. తడిసినా చిరగని కాగితం. పోయిన ఏడాది ఆఫ్రికా నుంచి దాని సామాను తెచ్చినప్పుడు అందులో వచ్చింది. మొదటి నాలుగు పేజీల్లో దాని రాత ఉంది, ఇంగ్లీషులో. గానెట్ పక్షులు నూట నలభై. డాల్ఫిన్లు అరవై పైన. బీచ్ మీద ఆవులు పదకొండు. ఆవుల్ని లెక్కపెట్టమని దాన్ని ఎవరూ పంపలేదు, సరదాకి రాసుకుంది. మిగతా పేజీలన్నీ ఖాళీ. తిరిగొచ్చాక అడుగుతుందని ఇన్నాళ్ళూ ముట్టుకోలేదు. ఒక పేజీ రాస్తే ఏమీ అనుకోదులే.

ఇవాళ గుడిలో భీమశంకరం పంతులుగారు ఈయనతో మాట్లాడారు.

"జ్యేష్ఠ బహుళ సప్తమికి ఏడాది నిండుతుంది దివాకర్ గారూ. ఈసారి జూన్ పద్దెనిమిదిన వచ్చింది. శరీరం దొరకనివాళ్ళకి దర్భలతో బొమ్మ చేసి దహనం చేయిస్తాం. అదయితే గానీ తక్కినవి జరగవు."

ఈయన జేబులోంచి పెన్ను తీసి తేదీ రాసుకున్నారు. నేను తల అడ్డంగా ఊపాను. పంతులుగారు చూశారు. "తల్లి మనసు ఒప్పుకోవాలి కదా" అన్నారు.

కార్లో ఈయన "ఇంకా ఎన్నాళ్ళు నళినీ?" అన్నారు.

"ఒకసారి ఆ సముద్రం చూడాలి. చూశాక మీ ఇష్టం."

"ఏంటి? గట్టిగా చెప్పు."

ఇరవై ఆరేళ్ళుగా అదే మాట. మూడోసారికి వినపడింది.

మే 19

ఏడవలేదు.

మే 23, శుక్రవారం

రెండు నెలల కిందట పెట్టుకున్న దక్షిణాఫ్రికా వీసా నా పాస్‌పోర్టు మీద పడి వచ్చింది. దేవుడి దగ్గర పెట్టాను.

పోయిన జూన్‌లో మేధ కనపడడం లేదని ఫోన్ వచ్చిన మర్నాడే ఈయన బయల్దేరారు. ఆయనది అమెరికా పాస్‌పోర్టు, వీసా అక్కర్లేదు. నాది ఇండియాది. నా వీసాకి కాగితాలు పోగయ్యేలోపు రెండు వారాలు వెతికి, దొరకలేదని ఆయన తిరిగొచ్చేశారు.

తొమ్మిదేళ్ళ కిందట ఆయనతో పాటే నేనూ సిటిజన్ అయి ఉండాల్సింది. ఆ పరీక్షలో అడిగే వంద ప్రశ్నలూ వచ్చు నాకు. మేధే నేర్పింది. వంటింట్లో స్టవ్ దగ్గర నన్ను నిలబెట్టి, తను హాల్లో సోఫా ఎక్కి కూర్చుని ఆఫీసర్‌లా అడిగేది. "లౌడర్ అమ్మా! ఆఫీసర్ వచ్చి నీ నోట్లో చెవి పెట్టడు." ఇంటర్వ్యూ రోజు పొద్దున నాకు జ్వరమని చెప్పాను. జ్వరం లేదు. ఆఫీసర్ ముందు గట్టిగా మాట్లాడాలంటే భయం. నేనాడిన ఒకే ఒక్క పెద్ద అబద్ధం అది.

ఆ రెండు వారాల్లో నేను అక్కడ ఉండి ఉంటే పిలిచేదాన్ని. అమ్మ గొంతు వింటే పలికేది.

జూన్ 1, ఆదివారం

రత్నం వచ్చింది. ఇక్కడ ఐసెలిన్‌లో, ఓక్ ట్రీ రోడ్డులో నేను చీరలకి ఫాల్స్ కుట్టే షాపులోనే తను కౌంటర్‌లో ఉంటుంది. మా అపార్ట్‌మెంట్‌లోనే కింది అంతస్తు. నన్ను నవ్వించాలని మొన్న వరంగల్ నుంచి వచ్చినప్పటి కథ చెప్పింది.

"కరివేపాకు దిండు గలీబులో కుట్టి తెచ్చిన అక్కా. నెవార్క్ ఎయిర్‌పోర్టుల కస్టమ్స్ కుక్క ఉంటది చూడు, చిన్నది, చెవులు ఇంతింత. మొరగదు, కరవదు. పెండ్లిచూపులకొచ్చిన పిల్లగాని లెక్క వచ్చి నా బ్యాగ్ ముందు కూసుంది. కూసుంటదంతే! ఇగ ఆఫీసరమ్మ దిండు కోసింది. కరివేపాకు పాయె, చింతచిగురు పాయె, ఆఖరికి దిండు గూడ పాయె."

నవ్వాను. తర్వాత ఎందుకు నవ్వానా అనిపించింది.

నేనెప్పుడూ ఒక్క ఆకు కూడా దాచి తేలేదు. ఆఫీసర్ అడక్కముందే అన్నీ తీసి చూపిస్తాను. ఈయన విసుక్కుంటారు.

"మేధ సామాను తెచ్చినప్పుడు అన్నయ్య ఏమన్న చెప్పిండా అక్కా, అక్కడ ఏమైందో?" అని అడిగింది వెళ్తూ వెళ్తూ. అల వచ్చిందని చెప్పారు. అంతకుమించి చెప్పలేదు. నేనూ అడగలేదు.

పెట్టె సర్దాను. మేధకిష్టమైన గోంగూర పచ్చడి ఒక సీసా. మేధ మెరూన్ స్వెట్టర్. అక్కడ జూన్‌లో చలికాలమట, ఎవరికైనా ఇవ్వొచ్చు.

జూన్ 9

బయల్దేరుతున్నాం. దీపం కొండెక్కేదాకా ఆగి తలుపు వేశాను.

జూన్ 11, బుధవారం

జోహనెస్‌బర్గ్‌లో విమానం మారి, ఈస్ట్ లండన్ అనే ఊళ్ళో దిగి, అద్దె కారు తీసుకున్నాం. ఇండియాలోలాగా ఎడమ పక్కన నడపాలి. ఈయన మలుపు తిరిగినప్పుడల్లా వైపర్లు వేస్తున్నారు, ఇండికేటర్ అనుకుని.

సముద్రం పక్కనే దారి. కొండలన్నీ గుండ్రం, పచ్చిక తప్ప చెట్టు లేదు. కొండల మీద గుండ్రటి ఇళ్ళు, ఆకుపచ్చ గోడలు, గడ్డి కప్పులు. కలబంద జాతి మొక్కలు మనిషంత ఎత్తున ఎర్రటి పూలతో నిలబడి ఉన్నాయి. కీ అనే నదిని పంటు మీద దాటాం, రెండు కార్లు పట్టే చిన్న పంటు. పంటు నడిపే అతను ఎక్కడికి వెళ్తున్నారని అడిగాడు. "మా అమ్మాయి దగ్గరికి" అన్నాను. అతనికి వినపడలేదు. ఈయనకి వినపడింది. 

ఇంత అందమైన చోటు నేను చూడలేదు. ఎందుకో కోపం వచ్చింది.

జూన్ 12

బీచ్ మీద నిజంగానే ఆవులు పడుకుంటాయి. మచ్చల ఆవులు, పెద్ద కొమ్ములు, అలలకి పది అడుగుల దూరంలో నెమరువేస్తూ ఉన్నాయి. ఈగలు ఉండవని వస్తాయట. లెక్కపెట్టాను. తొమ్మిది. ఇంకో రెండు ఎక్కడో ఉంటాయని ఆ చివరిదాకా నడిచాను. ఈయన వెనక నుంచి పిలిచి పిలిచి, చివరికి తనూ నడిచొచ్చారు. లేవు.

జూన్ 13, శుక్రవారం

జోలెకా ఇంటికి చేరాం. మేధ మూడు వారాలు ఉన్నది ఈ ఇంట్లోనే. పక్షుల్ని, డాల్ఫిన్లని లెక్కపెట్టడానికి వచ్చిన వాలంటీర్లకి జోలెకా గది ఇస్తుంది. నా వయసే ఉంటుంది. నన్ను చూడగానే ఎదురొచ్చింది. నా రెండు చేతులూ పట్టుకుని గుమ్మం దగ్గర చాలాసేపు నిలబడింది.

గుండ్రటి గది, మూలలు లేవు. దీపం ఎక్కడ పెట్టాలో తెలియలేదు. మేధ మంచం తలాపున పెట్టాను. పేడతో అలికిన నేల. అలికిన నేల మీద కాలు పెట్టి ఇరవై ఆరేళ్ళయింది. మేధకి ఈ వాసన నచ్చే ఉంటుంది.

ఇక్కడి ఆడవాళ్ళు మొహానికి తెల్లమట్టి పూసుకుంటారు. ఎండకి మంచిదట, పెద్దవాళ్ళకి గౌరవం కూడానట. వాళ్ళ భాష ఖోసా. మాటల మధ్య నాలుకతో చిటికె వేసినట్టు చప్పుడు వస్తుంది. జోలెకా అత్తగారు చాలా పెద్దావిడ, ఆ తెల్లటి మొహంతో నా పక్కన కూర్చుని ఏదో చెప్తూ ఉంటే జోలెకా ఇంగ్లీషులో చెప్పింది. ఏటి లోపల మనుషులు ఉంటారట. కొంతమందిని వాళ్ళు లోపలికి పిలుచుకుంటారట. అలా వెళ్ళినవాళ్ళు చావరు. కొన్నాళ్ళకి మొహాన తెల్లమట్టితో, ఎన్నో విద్యలు నేర్చుకుని ఒడ్డుకి వస్తారు. ఒకటే నియమం. ఇంట్లోవాళ్ళు ఏడవకూడదు. ఏడిస్తే ఇక రారు.

నేను ఏడవలేదు. ఈ ఏడాదిలో ఒక్కసారి కూడా. అందరూ రాయి అన్నారు నన్ను.

గోంగూర సీసా మూత తియ్యలేదు.

జూన్ 14, శనివారం

మేధని అల లాక్కెళ్ళిన బండ దగ్గరికి తీసుకెళ్ళింది జోలెకా. ఇంటి వెనక నుంచి దిగితే పది నిమిషాలు. నల్లటి బల్లపరుపు బండ, నాచు లేదు, నీళ్ళకి చాలా పైన ఉంది. ఇక్కడ కూర్చుంటే ఎవరికీ భయం వెయ్యదు.

సార్డీన్ చేపల గుంపు వచ్చిందట ఇవాళ. సముద్రం మధ్యలో నీళ్ళు నల్లగా ఉన్నాయి. దాని చుట్టూ డాల్ఫిన్లు, వందలు. గానెట్లు పైనుంచి రెక్కలు మూసుకుని రాళ్ళు విసిరినట్టు నీళ్ళలో పడుతున్నాయి. పడినది ప్రతిదీ పైకి వస్తోంది. నేను చూస్తూనే ఉన్నాను. ఒక్కటి కూడా లోపల ఉండిపోలేదు.

జోలెకా అప్పుడు చెప్పింది. ఇక్కడ అమ్మా అనడానికి మామా అంటారు. "నేను ఇక్కడే కింద మసెల్స్ ఆల్చిప్పలు ఏరుతున్నాను మామా. పెద్ద అల వెనక్కి వెళ్ళినప్పుడు తల ఒకసారి కనపడింది. చెయ్యి పైకెత్తింది. తర్వాత లేదు. నీ భర్తకి చెప్పాను."

ఈయనకేసి చూశాను. పక్షుల్ని చూస్తున్నారు.

ఇంటికి వచ్చే దారిలో అడిగాను, ఏడాది నుంచీ నాకెందుకు చెప్పలేదని.

"చెప్తే ఏమొస్తుంది నళినీ. చెయ్యి ఎత్తిందని తెలిస్తే నువ్వు నిద్రపోతావా?"

"మీరు పోతున్నారా?"



జూన్ 15

ఏడవలేదు.

చెయ్యి ఎత్తింది అంటే ఎవరినో పిలిచిందన్నమాట. లేదా ఎవరో దాన్ని పట్టుకున్నారు, లోపలివాళ్ళు.

జూన్ 16, సోమవారం

పొద్దున బీచ్‌లో ఒక అమ్మాయి వెనక నడిచాను. వీపు, భుజం వంచి నడిచే తీరు అచ్చం అదే. తెల్లమట్టి చెవుల వెనక దాకా ఉంది. అడుగు దూరంలోకి వెళ్ళాక తిరిగింది. పళ్ళెత్తు పిల్ల, పదిహేడేళ్ళుంటాయి. నవ్వి, నెత్తి మీది కట్టెలమోపు సర్దుకుని వెళ్ళిపోయింది.

జోలెకా దూరం నుంచి చూసింది. వంటింట్లో నన్ను కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పింది. "మా అత్త చెప్పింది ఏటి సంగతి. ఇది సముద్రం. నేను కళ్ళతో చూశాను. నీ పిల్ల నీళ్ళలోనే ఉంది, దారి తెలియక ఆ బండ దగ్గరే తిరుగుతోంది. ఏడాది నుంచీ నేను ఆ వైపు మసెల్స్‌కి వెళ్ళడం లేదు. దాన్ని ఇంటికి తీసుకుపో మామా."

వాళ్ళ ఇంట్లో ఎలా చేస్తారో చెప్పింది. ముళ్ళచెట్టు కొమ్మ ఒకటి కోసి, మనిషి పోయిన చోటికి వెళ్ళి పేరుపెట్టి పిలవాలి. ప్రాణం వచ్చి కొమ్మని పట్టుకుంటుంది. ఇక ఇంటికి చేరేదాకా కొమ్మ మోసేవాళ్ళు ఎవరితోనూ మాట్లాడకూడదు, కొమ్మతో తప్ప. నది దాటితే చెప్పాలి, బండి ఎక్కితే చెప్పాలి. బండిలో దానికి వేరే సీటు కావాలి. అది మనిషి కదా.

"ఇంటికి వెళ్ళాక పశువుల కొట్టంలో పెడతాం. మీకు కొట్టం ఉందా?"

"అపార్ట్‌మెంట్" అన్నాను.

"పశువులు?"

లేవన్నాను. ఆలోచించి, "అయితే పొయ్యి దగ్గర పెట్టు" అంది.

ఈయనకి చెప్పాను. పిస్కాటవేలో మందుల కంపెనీ ల్యాబ్‌లో ముప్పై ఏళ్ళుగా పని చేస్తున్న మనిషి. కొలిచి చూపించనిదేదీ నమ్మరు. గుడికి కూడా నాకోసమే వస్తారు.

"దర్భబొమ్మ వద్దన్నావ్. ఇప్పుడు ముళ్ళకొమ్మా?"

"బొమ్మని కాల్చేస్తారు. ఇది ఇంటికొస్తుంది."

"ఏంటి?"

మళ్ళీ చెప్పలేదు.

జూన్ 18, బుధవారం, జ్యేష్ఠ బహుళ సప్తమి

జోలెకా కొమ్మ కోసింది.  రేగు. మన రేగు కాదు, దాని చుట్టం. ఆకు అదే, ముల్లు అదే, జంటగా ఒకటి తిన్నగా, ఒకటి వంకరగా. ఆకులు సగం రాలి, చివర్న ఎండిన పళ్ళు ఏడెనిమిది ఉన్నాయి. జోలెకా పళ్ళు తుంపేయబోతే చెయ్యి పట్టుకుని ఆపాను. మేధకి మూడో ఏట భోగిపళ్ళు పోశాం, ఐసెలిన్‌లో దొరక్క ఎవరినో బతిమాలి తెప్పించి. తల మీద నుంచి జారిన పండు నోట్లో పెట్టేసుకుంది. అందరూ అరిచారు.

బండ మీదికి వెళ్ళాం. ఈయన పైన గడ్డిలోనే నిలబడిపోయారు. జోలెకా నా నడుముకి చెయ్యి వేసి "పిలువు" అంది.

పిలిచాను. అలల చప్పుడులో నాకే వినపడలేదు.

"ఇంకా గట్టిగా" అంది.

మేధా, అమ్మని వచ్చాను, ఇంటికి పోదాం రా అని అరిచాను. ఎన్నిసార్లో తెలియదు. నాకు అంత గొంతు ఉందని తెలియదు. ఈయన గడ్డిలో కూర్చుండిపోయారు.

కొమ్మ బరువెక్కిందని జోలెకా అంది. నాకు తెలియలేదు. తెలిసిందని తల ఊపాను.

ఏడ్చాను. ఇక ఫరవాలేదు.

జూన్ 19

ఎవరితోనూ మాట్లాడడం లేదు. కష్టమేం కాదు. మాట్లాడేది దానితోనే. మేధా, కారు ఎక్కుతున్నాం. మేధా, ఇది పంటు, నది దాటుతున్నాం, నీళ్ళని భయపడకు, నేను పట్టుకున్నాను. స్వెట్టర్‌లో చుట్టాను, ముళ్ళు గుచ్చుకోకుండా. దానికి చలి కూడా.

వెనక సీట్లో పెట్టాను. ఈయన దిగి, వెనక తలుపు తీసి, బెల్టు పెట్టారు.

"జారి పడిపోతుందని" అన్నారు, నేను అడక్కుండానే.

జూన్ 20

జోహనెస్‌బర్గ్ ఎయిర్‌పోర్టు. బోర్డింగ్ పాస్‌లు మూడు ఉన్నాయి ఈయన చేతిలో. చూశాను. "పదిహేను గంటలు. కాళ్ళు చాపుకోవడానికి ఇంకో సీటు తీసుకున్నా" అన్నారు.

కిటికీ సీటు దానిది. మధ్యలో నేను. ఆయన కాళ్ళు ముడుచుకునే కూర్చున్నారు.

జూన్ 21, శనివారం

రాయాలి. మాట్లాడకుండా రాస్తే రాయొచ్చు.

పొద్దున్నే నెవార్క్‌లో దిగాం. మేధా, వచ్చేశాం అని చెప్పాను. బ్యాగులు వచ్చేచోట నిలబడ్డాం. కొమ్మ నా భుజం సంచిలో ఉంది, స్వెట్టర్‌లో. దాచలేదు. పై జిప్పు కూడా వెయ్యలేదు. అడిగితే ఏం చెప్పాలని విమానంలో సగం దారి ఆలోచించాను. చెప్పడానికి లేదు కదా, మాట్లాడకూడదు. అడగకుండా చూడు స్వామీ అని వెంకటేశ్వరుడికి మొక్కాను. కాగితం మీద రాసి ఇవ్వాలని కూడా నాకు తోచలేదు. ఈ పుస్తకం సంచిలోనే ఉంది.

కుక్క వచ్చింది. రత్నం చెప్పిన కుక్కే. ఎవరి దగ్గరా ఆగకుండా తిన్నగా వచ్చి నా ముందు కూర్చుంది. తల ఎత్తి చూసింది. ఎంత శాంతంగా ఉన్నాయో దాని కళ్ళు.

పక్కకి బల్ల దగ్గరికి రమ్మన్నారు. ఆఫీసర్ అమ్మాయే, మేధ ఈడుది.

"మొక్కలు, పళ్ళు, విత్తనాలు ఏమైనా ఉన్నాయా మేడమ్?"

తల ఊపాను.

"నోటితో చెప్పాలి మేడమ్."

"ఆవిడ మాట్లాడదు" అన్నారు ఈయన.

"ఆరోగ్యం బాలేదా?"

"కాదు. మొక్కు."

ఆ మాట ఈయన నోట వినడం ఇదే మొదలు.

ఆ అమ్మాయి చేతులకి తొడుగులు వేసుకుని స్వెట్టర్ విప్పింది. నెమ్మదిగానే విప్పింది. ముల్లు ఒకటి ఉన్నికి పట్టుకుంటే వేళ్ళతో విడదీసింది. "ఇదేంటి సార్?"

ఈయన కళ్ళజోడు తీశారు, మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాత ఇంగ్లీషులో, ఒక్కో మాట విడివిడిగా, "ఇది మా అమ్మాయి" అన్నారు.

ఆ పిల్ల నవ్వలేదు. మొత్తం విన్నది. సముద్రం, బండ, ఏడాది, జోలెకా, మూడో సీటు, అన్నీ చెప్పారు ఈయన. ఇన్నేళ్ళలో ఆయన అన్ని మాటలు ఒక్కసారి మాట్లాడడం నేను చూడలేదు. పై ఆఫీసర్‌ని పిలిచింది. ఆయనా విన్నాడు. పండ్లలో పురుగు ఉంటుందట, ఈ దేశంలో చెట్లకి పట్టుకుంటుందట. వదలడానికి వీల్లేదట.

"ఏం చేస్తారు దాన్ని?"

"కాల్చేస్తాం సార్. సారీ."

"ఎప్పుడు?"

"రోజు చెప్పలేం. పట్టుకున్నవన్నీ కలిపి పంపుతారు."

"మేం అక్కడ ఉండొచ్చా? దూరంగా అయినా?"

"కుదరదు సార్. ఐ యామ్ సో సారీ."

స్వెట్టర్ మడతపెట్టి నా చేతికి ఇచ్చింది. చక్కగా మడతపెట్టింది, చేతులు లోపలికి పెట్టి, షాపులోలా. కొమ్మని ప్లాస్టిక్ సంచిలో వేసి, మూతి కట్టింది. పక్కన ఎవరివో మామిడిపళ్ళు ఉన్నాయి, వాటి మీద పెట్టింది.

ఆగినప్పుడు చెప్పాలి కదా దానికి. మేధా, ఇది నెవార్క్, ఇంటికి నలభై నిమిషాలే, ఇక్కడ నిన్ను దింపేస్తున్నారు, అమ్మ చేతిలో లేదు అని చెప్పాను. హాలంతా తిరిగి చూసింది. ఆఫీసర్‌కి బాగానే వినపడింది.

జూన్ 22

దర్భబొమ్మ కాల్చడానికి ఒప్పుకోలేదు నేను.

జూన్ 24

రత్నం వచ్చింది. "ఇంగువ డబ్బా పైన పెట్టి ఉంటే కుక్క ఆగమయ్యేదక్కా, నాకొక్క ఫోన్ చేస్తే చెప్పకపోదునా" అని ఏడ్చింది. తనే టీ పెట్టి, తనే తాగి, కప్పు కడిగి వెళ్ళింది.

జోలెకా పళ్ళు తుంపేస్తానంది. నేనే ఆపాను. పళ్ళు లేకపోతే వదిలేవారేమో. ఉత్త కొమ్మకి కుక్క కూర్చునేది కాదేమో. నేనే ఆపాను.

జూన్ 29, ఆదివారం

గుడికి వెళ్ళాం. భీమశంకరం పంతులుగారితో నేనే మాట్లాడాను. కొమ్మ సంగతంతా చెప్పి, దర్భబొమ్మతో దహనం చేయించమన్నాను. తల పక్కకి వంచి, చెవి పెట్టి వినబోయారు, అలవాటుగా. అక్కర్లేకుండానే వినపడింది.

"వచ్చే బహుళ సప్తమి జూలై పదిహేడమ్మా. ఆ రోజు పెట్టుకుందాం."

"వద్దు" అన్నారు ఈయన.

పంతులుగారు, నేనూ ఇద్దరం చూశాం.

"అది అక్కడే ఉంది ఇంకా. కాల్చారో లేదో తెలియదు. ఉండగానే ఎలా చేస్తాం? నేను ఈమెయిల్ రాశాను కస్టమ్స్ వాళ్ళకి. జవాబు రానివ్వండి."

"అక్కడ కాల్చినా అది దహనం కిందికి రాదు దివాకర్ గారూ. మంత్రం లేదు, చేసేవాడు లేడు."

"అందుకే ఆగమంటున్నా."

పంతులుగారు పంచాంగం మూసేశారు.

కార్లో నేను "ఇంకా ఎన్నాళ్ళండీ?" అన్నాను.

వినపడనట్టే నడిపారు.

జూలై 2

ఆయన ల్యాబ్‌కి వెళ్ళలేదు. ఈమెయిల్ చూస్తున్నారు. దీపం పెట్టాను. దేవుడిని అడగడానికి ఏమీ తోచలేదు. వత్తి సర్ది వచ్చేశాను.

జూలై 6, ఆదివారం

భోజనం అయ్యాక ఈయన కారు తాళాలు తీసుకుని "వెళ్దామా" అన్నారు. ఎక్కడికని అడగలేదు. మేధ స్వెట్టర్ కూడా తీసుకున్నారు.

నెవార్క్ సెల్‌ఫోన్ లాట్‌లో ఆపారు. దిగినవాళ్ళు ఫోన్ చేసేదాకా కార్లో కూర్చుని ఎదురుచూసే చోటు. పార్కింగ్ దండగని మేధ ఎప్పుడు వచ్చినా ఇక్కడే ఆగేవాళ్ళం. "బ్యాగ్ వచ్చింది, రండి" అని ఫోన్ చేసేది. పులిహోర డబ్బా నా ఒళ్ళో ఉండేది. ఇంటికి చేరేలోపు వెనక సీట్లో ఖాళీ చేసేది.

ఫోన్ డాష్‌బోర్డు మీద పెట్టారు. కార్లు వస్తున్నాయి, ఫోన్లు మోగుతున్నాయి, వెళ్తున్నాయి. పక్క కార్లో పిల్లలు ఎవరికో బెలూన్లు పట్టుకుని కూర్చున్నారు. వాళ్ళూ వెళ్ళారు. ఎండ అద్దంలోంచి ఒళ్ళోకి వచ్చి, పక్కకి జరిగింది. విమానాల మధ్యలో ఎక్కడైనా పొగ గొట్టం కనపడుతుందేమోనని చూశాను. అన్నీ ఒకేలా ఉన్నాయి.

ఇంటికి పోదామండీ అన్నాను. గట్టిగానే అన్నాను.

సెక్యూరిటీ అతను రెండుసార్లు మా కారు పక్క నుంచి వెళ్ళి, మూడోసారి వచ్చి అద్దం తట్టాడు. ఈయన దించారు.

"చాలాసేపటి నుంచి ఉన్నారు సార్. ఏ ఫ్లైట్?"

"జోహనెస్‌బర్గ్."

అతను గడియారం చూసుకున్నాడు. "అది పొద్దున్నే దిగిపోయిందిగా సార్."

"అవును" అన్నారు ఈయన. "మా అమ్మాయికి కస్టమ్స్‌లో లేటవుతోంది."

అతను వంగి నాకేసి చూశాడు, అవునా అన్నట్టు. నేను వెనక్కి తిరిగాను. సీటు మీద స్వెట్టర్ ఉంది, మడత విప్పకుండా. ఈయన దానికి ఎప్పుడో బెల్టు పెట్టారు.

తల ఊపాను.